కూజా మీద నీలం

ముప్పై ఏళ్ళుగా దుకాణాల అద్దాల మీద పేర్లు రాస్తున్నాను. వీధిలోవాళ్ళకు కనిపించేదాన్ని లోపలివైపు నుంచి వేయాలి కాబట్టి, మా పనిలో అంతా తిరగేసిన వరుస. ముందు మెరుపులు, తర్వాత అక్షరాలు, చిట్టచివర వెనక రంగు. నిద్రలో లేపినా నా చెయ్యి ఆ వరుసలోనే పోతుంది.

మా అక్క ఊరి మ్యూజియంలో పాత మట్టికుండల గది చూసుకుంటుంది. ఆ గది కప్పు కారుతోంది. నెలాఖరులోగా బాగుచేయించకపోతే గదికి తాళం వేసి, కుండల్ని వేరే ఊరికి పంపేస్తామని కమిటీవాళ్ళు తేల్చేశారు. ఇరవై రెండేళ్ళుగా వాటి దుమ్ము తుడుస్తున్న మనిషి తిండి మానేసింది. చివరికి, కుంచె పట్టడం రానివాళ్ళకు, కుండల గది కోసమని చెప్పి ఆన్‌లైన్లో ఒక క్లాసు పెట్టి, ఆ ఫీజుతో కప్పు వేయిద్దామనుకుంది.

"నీకొచ్చిందే నేర్పరా, అద్దాల పని," అంది నాతో.

"అది బోర్డుల పనక్కా. కళంటే కాగితం మీదే," అన్నాను. నాకు కొమ్ములు మొలిచాయి మరి. కాగితం మీద ఏనాడూ కుంచె పెట్టిన పాపాన పోలేదన్న సంగతి మాత్రం చెప్పలేదు.

ఆదివారం పొద్దున నలభై ముఖాలు తెరమీదకొచ్చాయి. మ్యూజియం కూజా ఒకటి ఎదురుగా పెట్టుకుని, ముందు తెల్లరంగుతో మెరుపులు దిద్దమన్నాను. తెల్ల కాగితం మీద తెలుపు కనిపించడం లేదని ఎవరో గొణిగారు.

"కళ వెంటనే కనిపించదండీ," అన్నాను.

తర్వాత కూజా వేయించాను. నిజం చెప్పొద్దూ, బాగానే వచ్చింది. "ఇక వెనక రంగు. మొత్తం నీలం పూసేయండి. చిక్కగా," అన్నాను. నేనూ పూశాను. నలభై మందీ బుద్ధిగా పూశారు. బొమ్మ చూద్దామని అలవాటు కొద్దీ కాగితం తిప్పాను. వెనక తెల్లగా ఉంది.

"మాస్టారూ, కూజా ఎటు పోయిందండీ?" అని అడిగింది రిటైరైన నర్సు ఒకావిడ.

పక్కనే ల్యాప్‌టాప్ చూసుకుంటున్న అక్క ముఖం పాలిపోయింది. వీళ్ళంతా ఫీజు వెనక్కి అడిగితే కప్పూ లేదు, గదీ లేదు. నా డాబుకి అక్క గది పోతోంది. సిగ్గుతో చచ్చిపోయాను.

"అమ్మా, నేను కళాకారుణ్ణి కాదు. అద్దాల మీద బోర్డులు రాసేవాణ్ణి. కాగితం పట్టడం ఇవాళే మొదలు. మీ డబ్బులు మీకు తిరిగి ఇప్పిస్తాను," అన్నాను.

నర్సు విడ్డూరంగా చూసింది.

"మీకెవరిచ్చారు బాబూ? మేం కుండలకిచ్చాం. అసలు మీరెవరో మాకేం తెలుసు?"

మిగతా తలలన్నీ అవునన్నట్టు ఊగాయి.

నలభై మందిలో ఒక్కరంటే ఒక్కరు కూడా నా కోసం రాలేదు. ముప్పై ఏళ్ళలో అంత మంచి మాట నేను వినలేదు. అక్క చేత్తో కళ్ళు తుడుచుకుని, నా కుంచె లాక్కుంది.

"అందరూ ఇంకో కాగితం తీయండి," అంది. "నీలం ముందు."