పుడక నీడ

చేటలో బియ్యం ఏరుతుండగా నా ఎడమ ముక్కు నుంచి రక్తపు చుక్క ఒకటి జారి తెల్లటి గింజల మీద పడింది. అత్తగారు ముందు చూసింది బియ్యాన్ని. "అయ్యో, మడి బియ్యమే! అన్నీ పారబోయాలి ఇక," అన్నారు. ఆ తరువాతే నా వంక చూసి, "వేడి చేసుంటుంది. మజ్జిగ తాగు," అన్నారు.

ఆ ఇంట్లో ఆడదాని రోగాలన్నిటికీ వేడి అన్న మాట సరిపోయేది. కొన్ని నెలలుగా నాకు ఎడమ వైపు ఊపిరి ఆడటం లేదు. చెంప మొద్దుబారింది. పై పళ్ళు కదులుతున్నట్టుంది. కాన్వెంటులో పాఠం చెబుతూ రుమాలు అడ్డం పెట్టుకునేదాన్ని. మావారు గమనించింది ఒక్కటే: "గురక పెడుతున్నావు, పక్క గదిలో పడుకో."

చివరకు ఆబిడ్స్‌లోని డాక్టర్ ఇంద్రసేన దగ్గరకు తీసుకెళ్ళింది కూడా ఆ గురక కోసమే. ఆయన నన్ను అడిగిన ప్రతి ప్రశ్నకూ మావారే జవాబిచ్చారు. "జర ఆమెను చెప్పనియ్యున్రి సార్," అని డాక్టరు నవ్వితే, "ఆవిడకు సరిగా చెప్పడం రాదండీ," అన్నారు. రోజంతా పిల్లలకు పాఠాలు చెప్పే నోరు అక్కడ తెరుచుకోలేదు.

నాంపల్లిలో ఎక్స్‌రే తీసేచోట ఆయా లక్ష్మీనర్సమ్మ నా గడ్డం పైకెత్తి చూసింది. "ముక్కుపుడక తీయాలెనమ్మా. బంగారం నీడ పడ్తది."

"నేను బతికుండగా పుడక తీయడమేమిటి? అలాగే కానివ్వండి," అన్నారు మావారు.

"మీ ఇష్టం సారు. మల్ల మమ్మల్ని అనొద్దు."

నీడ పడనే పడింది. డాక్టరు ఫిల్మును మావారికి చూపిస్తుంటే, పరదా ఇవతల కూర్చున్న నాకు మాటలన్నీ వినిపించాయి. "లోపల గడ్డ ఉన్నది సార్. మంచిదైతే ఎముకను పక్కకు నెడ్తది. గోడ వంగుతది గాని తెగది. చెడ్డదైతే ఎముకను తింటది. సరిగ్గ ఆ గోడ మీదనే పుడక నీడ పడ్డది, నాకేం తెలుస్తలేదు. పుడక తీసేసి మల్ల తీయించున్రి. ఆలస్యం చేయొద్దు."

రిక్షాలో మావారిని అడిగాను. "ఏమీ లేదుట. ఆవిరి పట్టమన్నాడు," అన్నారు.

అబద్ధం కన్నా నన్ను ఎక్కువ భయపెట్టింది ఆయన గొంతులోని నిశ్చింత. అది మొదలు, పోపు వేస్తున్నా, పిల్లల పేపర్లు దిద్దుతున్నా, నాలుకతో అంగిట్లో తడుముకునేదాన్ని. నెడుతోందా, తింటోందా? అద్దంలో పుడక మెరిసినప్పుడల్లా దాని వెనక ఏదో నిశ్శబ్దంగా నములుతున్నట్టు అనిపించేది. ఒకనాడు తెగించి, పుడక తీస్తానని అత్తగారితో అన్నాను. "నీ ముక్కు కోసం నా కొడుకు ఆయుష్షు తీస్తావా?" అన్నారు. మావారు అక్కడే ఉన్నారు. పేపరు పేజీ తిప్పారు.

మర్నాడు బడి నుంచి ఒంటరిగా బేగం బజారు వెళ్ళాను. పెళ్ళినాటి పుడక మర బిగుసుకుపోయి తిరగలేదు. కంసాలి రామచందర్ కత్తెర తీసి, ఆగిపోయాడు.

"అమ్మా, ఇంట్ల సారు మంచిగున్నరు గద?"

"ఉన్నారు. కత్తిరించండి."

"గా పాపం నాకొద్దు తల్లీ."

"నాకే ఉండనివ్వండి."

పుడక తెగింది. అటునుంచే నాంపల్లి వెళ్ళి మళ్ళీ ఎక్స్‌రే తీయించుకుని, ఫిల్ముతో డాక్టరు ఎదుట కూర్చున్నాను. "సారు రాలేదా? ఆయనను పంపున్రి, చెప్త," అన్నారు.

"ఎముక నాది. నాకు చెప్పండి."

ఆయన ఫిల్మును వెలుతురుకు పట్టారు. సన్నని తెల్లటి గీత పక్కకు వంగుతూ వచ్చి, ఒకచోట ఆగిపోయింది. ఆ పైన అంతా బూడిద రంగు. "ఈడ తిన్నది," అన్నారు మెల్లగా. ముక్క తీసి పరీక్షిస్తే గాని రూఢిగా చెప్పలేనన్నారు. రేపే ఆసుపత్రిలో చేరమన్నారు. చేరతానన్నాను.

గుమ్మంలో నా బోసి ముక్కు చూడగానే అత్తగారు గుండెలు బాదుకున్నారు. "నా కొడుక్కేమయిందే?"

లోపల పడక్కుర్చీలో మావారు తలెత్తారు.

"మీ అబ్బాయి బాగానే ఉన్నారు," అన్నాను. "ఎవరికి బాగాలేదో ఒక్కసారి అడగండి."