చివరి పాటలో గట్టిమేళం

నేను ఒక ఎల్పీ రికార్డును. పన్నెండంగుళాల నల్ల పళ్ళెం, నడుమ చిల్లు, రెండు వైపులా కలిపి ఎనిమిది పాటలు. నాలో లోపం ఉందని పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళు తేల్చారు. లోపం లేదు, నాలో ఉన్నది పెంచలయ్య. ఆ మాట చెప్పడానికే నోరు విప్పుతున్నాను. నన్ను చూసి జాలిపడదామని వచ్చినవాళ్ళు వేరే చోటు చూసుకోండి.

నెల్లూరు జిల్లా బిట్రగుంటలో బొగ్గింజన్లు తిరిగిన రోజుల్లో రైల్వే కాలనీ నిండా ఆంగ్లో ఇండియన్లు ఉండేవారు. వాళ్ళ క్లబ్బులో ఒక పియానో ఉండేది. రైల్వే బడిలో టీచరమ్మ మేవిస్ రొజారియో సాయంత్రాలు దాని మీద జాజ్ వాయించేది. జాజ్ అంటే ఏదో బ్రహ్మవిద్య అనుకునేరు. తాతల నాటి పాత పాటలే, అందరికీ వచ్చినవే. పాట కొత్తదా అని ఎవరూ అడగరు, వచ్చిన పాటని నువ్వేం చేశావన్నదే లెక్క. పులిహోర ఎవరైనా కలుపుతారు, ఎవరి చెయ్యి వాళ్ళది.

పెంచలయ్యది కావలి మేళం. సన్నాయికి బదులు క్లారినెట్టు పట్టేవాడు. ఒకసారి బిట్రగుంటలో గార్డుగారి అమ్మాయి పెళ్ళికి వచ్చాడు. పెళ్ళికి మేళం లేకపోతే ముహూర్తం కదలదు గానీ, మేళగాళ్ళకి అన్నం మాత్రం ఆఖరి బంతిలోనే. మనుషుల మర్యాదలు అలా ఉంటాయి. ఆ బంతి కోసం కడుపు పట్టుకుని తిరుగుతుంటే పియానో వినపడింది. క్లబ్బు వరండాలో నిలబడి ఆ పాటనే అందుకున్నాడు. మేవిస్ వెనక్కి తిరగలేదు, ఆపనూ లేదు. పాట అయ్యాక అడిగింది.

"ఎవరది?"

"మేళపోణ్ణమ్మా. ఇంకా బంతి లేవలా."

"ఆకలేస్తా ఉందా?"

"ఏస్తా ఉండాది."

"ఇంకోసారి వాయించు. కేకు పెడతా."

ఆ కేకు ఆరేళ్ళు నడిచింది. ముహూర్తాలు లేని ఆదివారమల్లా పెంచలయ్య ప్యాసింజరెక్కి వచ్చేవాడు, వెంట డోలు చెంచయ్య, ఆయన బావమరిది. ఇంగ్లీషు పేర్లు నోరు తిరగక పెంచలయ్య పాటలకి తన పేర్లు పెట్టుకున్నాడు. వాన పాట, గుడ్డిదీపం పాట, రైలెళ్ళిపోయిన పాట. చివరిదంటే మేవిస్‌కి ప్రాణం. నిదానంగా సాగే ఏడుపు పాట అది. ఆ కాలనీలో ఏడాదికి రెండు మూడు కుటుంబాలు సముద్రాలు దాటి వెళ్ళిపోతుండేవి, ప్రతి వీడ్కోలు విందులోనూ ఆ పాటే వాయించమనేవారు. ఆమె వాయించేది, వాళ్ళు ఏడ్చేవారు, మర్నాడు రైలెక్కేవారు.

మద్రాసులో ఒక రికార్డుల కంపెనీకి మేవిస్ ఉత్తరం రాసింది. పియానో, క్లారినెట్టు, డోలు కలిసి పాత జాజ్ పాటలు వాయిస్తాయనేసరికి వింతగా తోచి మేనేజరు సరేనన్నాడు. పెంచలయ్యకి ఆ రాత్రి నిద్ర లేదు. వాళ్ళ వంశంలో ఏడు తరాల వాయిద్యం గాలికే పోయింది, ఎవరి పేరూ ఎక్కడా అచ్చు కాలేదు. అట్ట మీద తన పేరు పడుతుందని చెంచయ్యకి పదిసార్లు చెప్పాడు.

ఇక్కడ గట్టిమేళం సంగతి చెప్పాలి. తాళి కట్టే క్షణంలో పంతులు చెయ్యెత్తి వేలు ఆడిస్తాడు. మేళం ఏ కీర్తన మధ్యలో ఉన్నా సరే, వదిలేసి ఉన్న బలమంతా పెట్టి వాయించాలి. ఆ ఘడియలో తుమ్మో, ఏడుపో, అశుభం మాటో ఎవరి చెవినా పడకూడదు. వేలు దిగాక వదిలిన చోటే మళ్ళీ పట్టుకోవాలి. పెంచలయ్య ఇరవై ఆరేళ్ళుగా ఆ వేలు కనిపెట్టుకుని బతికాడు. కునుకు పట్టినా ఒక కన్ను పంతులు మీదే ఉండేది.

స్టూడియోలో రెండు రోజుల్లో ఏడు పాటలు అయ్యాయి. మూడో రోజు రైలెళ్ళిపోయిన పాట. డోలు మీద తువ్వాలు కప్పి చెంచయ్య మెత్తగా తడుతున్నాడు. పాట మంచి ఏడుపులో ఉండగా, అద్దం అవతలి ఇంజినీరు టేపు ఇంకా నిమిషమే ఉందని చెప్పడానికి చెయ్యెత్తి వేలు ఆడించాడు.

పెంచలయ్య చూశాడు. ఇంక ఆలోచన ఏముంది, గట్టిమేళం లేచింది. చెంచయ్య తువ్వాలు విసిరేసి డోలు పగిలేలా అందుకున్నాడు. మేవిస్ చేతులు ఒక్క దెబ్బపాటు ఆగాయి, తర్వాత రెండు చేతులూ కలిపి పియానో అడుగు మెట్ల మీద పడింది. ఇంజినీరు బిత్తరపోయి చెయ్యి దించాడు. చెయ్యి దిగగానే పెంచలయ్య వదిలిన చోటే పాట పట్టుకుని, నెమ్మదిగా ముగించాడు. అప్పుడు గానీ తాను పెళ్ళిలో లేనని ఆయనకి తెలియలేదు.

"ఏమయ్యా, ఇదేమన్నా పెళ్ళిపందిరా?" అంటూ మేనేజరు లోపలికొచ్చాడు. "మళ్ళీ వాయించండి."

"తప్పయిపొయింది సామీ," అని పెంచలయ్య క్లారినెట్టు తుడుచుకుంటున్నాడు.

మేవిస్ పియానో మూత మూసింది. "నేను వాయించను," అంది. ఎంత చెప్పినా అదే మాట.

కంపెనీ సాంపిలుగా అయిదు రికార్డులు తీయించింది. టేపు మీది పాటని రేకు మీదికి గీసి, ఆ రేకుతో వేడి నల్ల ముద్దని అప్పచ్చిలా నొక్కితే నేను పుట్టాను. నాతోపాటు ఒక ఉత్తరం బిట్రగుంట చేరింది. చివరి పాట మద్రాసు క్లారినెట్టు విద్వాంసుడి చేత మళ్ళీ వాయించుకుంటాం, మిగతా ఏడింటికి మీ ఇద్దరి పేర్లు అచ్చేస్తాం, ఒప్పుకుంటే వెయ్యి రికార్డులు, లేదంటే ఇంతటితో సరి అని.

మేవిస్ ఉత్తరం చదివి వినిపించి పెంచలయ్య వైపు చూసింది. "నా పేరు నాకు లెక్క లేదు. నీ పేరు సంగతి నువ్వు చెప్పు."

"ఒప్పుకుందామమ్మా. తప్పు నాదే గదా."

"ముందు విను," అని నన్ను గ్రామఫోన్ మీద పెట్టింది.

తన వాయిద్యం తాను వినడం ఆయనకి అదే మొదలు. గట్టిమేళం వచ్చేసరికి తల దించుకున్నాడు. మేవిస్ మాత్రం ఆయన వైపే చూస్తూ అంది. "నా చిన్నప్పటినుంచీ ఈ పాటకి మావాళ్ళు ఏడుస్తానే ఉండారు. ఏడుపు వినపడకుండా వాయించేదే గదా మీ గట్టిమేళం? ఈ పాట నోరు మూయించినోడివి నువ్వొక్కడివే. దాన్ని నేను కోయనివ్వను. కోస్తే నువ్వే కోసుకో."

సూది చివరికొచ్చి గరగరమంటోంది.

"వెయ్యి పెళ్ళిళ్ళకి వాయించుంటా," అన్నాడు పెంచలయ్య. "గట్టిమేళం అప్పుడు అందురూ తాళి వైపే చూస్తారు. ఎవురూ వినలా. నేనూ వినలా. బాగుండాదమ్మా. ఉండనీ."

"పేరో?"

"అది తీసేసినాక పేరెవురిది?"

జవాబు మేవిస్ రాసింది, కింద పెంచలయ్య తెలుగులో సంతకం పెట్టాడు. కంపెనీ ఆ టేపు చెరిపి భక్తి పాటలకి వాడుకుందట. నా తోడబుట్టిన నలుగురూ ఏమయ్యారో తెలీదు. మేవిస్ నన్ను పెంచలయ్యకి ఇచ్చింది. ఆయన ఇంట్లో గ్రామఫోన్ లేదు. అయినా నన్ను దేవుడి పటాల పక్కన మేకుకి తగిలించి, శుక్రవారం శుక్రవారం కుంకుమ బొట్టు పెట్టాడు. పాడటానికి పుట్టినదాన్ని ముప్పైయేళ్ళు పూజలందుకున్నాను. దేవుళ్ళకి ఎంత విసుగో నాకు తెలుసు.

బొగ్గింజన్లు పోయాయి, క్లబ్బు మూతబడింది. మేవిస్ ఏ దేశమూ వెళ్ళలేదు, బిట్రగుంటలోనే కన్నుమూసింది. ఆ తర్వాత రెండేళ్ళకి పెంచలయ్య. నన్నూ, నా గట్టిమేళం గురించి తండ్రి చెప్పిన కథనూ కూతురు కామాక్షమ్మ దాచింది.

మొన్నీమధ్య సంగీత వాయిద్యాల మ్యూజియం నుంచి సుధాకర్ అనే ఆయన వచ్చాడు. మంచివాడే, నన్ను తీసుకెళ్ళి నా గీతలన్నీ కంప్యూటర్లో పెట్టి శుభ్రం చేశాడు. శుభ్రం ఎక్కువైంది. కామాక్షమ్మని మ్యూజియంకి పిలిపించి ఎనిమిది పాటలూ వినిపించాడు.

"మా నాయన యాడ?" అందామె.

"అన్నిట్లో ఉన్నది మీ నాన్నగారే కదమ్మా."

"ఆఖర్ని లేస్తాడే, అది యాడ?"

"అది అచ్చులో వచ్చిన లోపమమ్మా. వేరే రికార్డింగేదో కలిసిపోయింది. తీసేశాను, పాట ఎంత హాయిగా ఉందో చూడండి."

కామాక్షమ్మ లేచి నన్ను సంచిలో పెట్టుకుంది. "హాయిగా ఉండాలనుకుంటే మా నాయన పేరు ఆ పొద్దే అచ్చయ్యేది," అని జరిగిందంతా నిలబడే చెప్పింది. "అందులో ఆయప్ప ఉంటే నేనుంటా. లేదంటే పది గంటల బస్సుకి పోతా."

సుధాకర్ ఆమెని బస్సెక్కనివ్వలేదు. తీసినదాన్ని తీసినట్టే తెచ్చి పెట్టాడు.

ఇప్పుడు నేను మ్యూజియంలో అద్దం కింద ఉన్నాను. పక్కనే చెవులకి పెట్టుకునే యంత్రం. జనం వస్తారు, కళ్ళు మూసుకుంటారు, రైలెళ్ళిపోయిన పాటకి తలలూపుతారు. అంతలో ఒక్క అదురు అదిరి, యంత్రం ఊడదీసి, ఏదో పాడుచేశామన్నట్టు వాచ్‌మన్ వైపు చూస్తారు. ఆయన కుర్చీలోంచి లేవడు.

"మిషను బానే ఉందండీ," అంటాడు. "పెట్టుకుని వినండి."