గోడ పెట్టిన ముహూర్తం

పెన్నా నీళ్లు జమ్మలమడుగులో దక్షిణామూర్తి ఇంట్లోకి మోకాలి లోతు వచ్చి, రెండో రోజు వెళ్లిపోయాయి. వెళ్లింది నేల మీది నీళ్లే. గోడలు తాగినవి గోడల్లోనే ఉండిపోయాయి. బయట ముసురు. గుడ్డే ఆరడం లేదు, గోడ ఏం ఆరుతుంది?

ఆరేళ్ల మనవరాలు సింధూకు ఆయాసం. బూజు వాసన తగిలితే చాలు, ఎగరొప్పుతూ కూర్చుంటుంది. పిల్లను పులివెందులలో మేనత్త ఇంట్లో పెట్టారు. ఇల్లు ఆరేదాకా తేకూడదు. అవ్వ విశాలాక్షికి ఆ ఒక్కటే పట్టింపు.

ఆమె భర్త దక్షిణామూర్తి పురోహితుడు. ఊరికంతా ముహూర్తాలు పెట్టే మనిషి తన ఇంటికీ పెట్టుకున్నాడు: శుక్రవారం పాలు పొంగించి పిల్లను తెచ్చుకోవాలని. గోడలకు కొట్టే రంగు డబ్బాలు కూడా దిగాయి.

మేస్త్రీ మహబూబ్ బాషా వచ్చి గోడకు చెయ్యి ఆనించాడు. ప్లాస్టిక్ కవరు కోసి, నాలుగు పక్కలా టేపు వేసి గోడకు అంటించాడు.

తెల్లారి చూస్తే కవరు లోపలంతా నీటి బొట్లు.

"చూస్తిరా సామీ? గోడ చెమట పోస్తాండాది. రాళ్లూ మట్టీ పెట్టి కట్టిన గోడకు మీరు సిమెంటు పూత పూయిస్తిరి. లోపలికి పోయిన తడికి బయటికొచ్చే దారి ల్యా. దీనిమీద రంగంటే బూజుకు కొత్తబట్టలు పెట్టినట్టే."

"శుక్రవారం దాటితే నెలదాకా మంచి దినం లేదప్పా."

"గోడకు తిథులు తెల్దు సామీ."

"ఊరికి ముహూర్తాలు పెట్టేవాణ్ణి, నీతో పెట్టించుకోవల్లనా?"

"నాతో యాడ సామీ? గోడనడగండి."

విశాలాక్షి రంగు డబ్బాలు వాకిట్లోకి తోసి, మేస్త్రీ సంచిలోంచి ఉలి, సుత్తి తీసుకుంది.

"ఏందే అది! పోయినేడే పూయించింటిమి!"

"పూత మళ్లీ పూసుకోవచ్చు. మీరు పోయి కిటికీలు తెరవండి."

మేస్త్రీ నవ్వు దాచుకోలేదు. ఇద్దరూ కలిసి నడుము ఎత్తు దాకా పూత రాలగొట్టారు. రాళ్ల సందుల్లో మట్టి వేలు పెడితే దిగుతోంది.

శుక్రవారం వచ్చింది, పోయింది. పాలు కాఫీకే కాగాయి. ముసురు విడిచాక తలుపులు పొద్దంతా బార్లా. మూడు రోజులకోసారి కవరు అంటించడం, బొట్లు చూడడం.

"అవ్వా, గోడ ఇంకా చెమట పోస్తాందా?" అని సింధూ ఫోనులో ఏడ్చేది.

"పోస్తాందమ్మా."

పూత రాలగొట్టిన ముప్పై ఐదో రోజు కవరు పొడిగా ఊడొచ్చింది. దక్షిణామూర్తి దాన్ని వెలుతురుకు పెట్టి రెండు పక్కలా చూశాడు. ఆ రోజు అమావాస్య. పంచాంగం తెరవకుండానే ఆయనకు తెలుసు. ఫోను తీసి పులివెందులకు చేశాడు.

"పిల్లను ఈ పొద్దే పంపండి."