నలభైకి నలభై

లిఫ్టులు బాగుచేసేవాడికి కాగితమంటే ఒకటే కాగితం. పైనుంచి కిందికి నలభై గళ్లుంటాయి. తాడు, బ్రేకు, తలుపు, మోటారు, అలారం. ఒక్కొక్కటీ చూడాలి. బాగుంటే టిక్కు పెట్టాలి, బాగాలేకపోతే గడి ఖాళీగా వదిలెయ్యాలి. ఖాళీ గడి ఉన్న లిఫ్టులో మనిషిని ఎక్కనివ్వకూడదు. ఆరో తరగతిలోనే బడికి దణ్ణం పెట్టేసిన లిఫ్టాయనను ఇరవై రెండేళ్లుగా పోషించిన చదువు ఇంతే.

అందుకే, తల్లిదండ్రులు నింపి పంపాలంటూ కొడుకు కాలేజీ నుంచి ఒక ఫారం వచ్చినప్పుడు ఆయనకు ముచ్చటేసింది. సరిగ్గా నలభై గళ్లు. ‘యువతలో వ్యసన ప్రమాదం, దౌర్జన్య ధోరణి – ఒక పరిశోధన’ అని నెత్తిమీద పెద్దక్షరాలు. ఆ కింద చీమల బారులా చిన్నక్షరాలేవో ఉన్నాయి గానీ, వాటిని చదివే అలవాటు ఆయనకు లేదు. పని మొదలయ్యేది గడి దగ్గర.

సెలవురోజు పొద్దున్నే చేతులు కడుక్కుని, కళ్లజోడు తుడుచుకుని కూర్చున్నాడు. ‘తోటివారిని కొడతాడు.’ ఆలోచించాడు. పదిహేడేళ్లలో వీడు ఎవరినైనా కొట్టాడా? కాలు బల్లకు తగిలితే బల్లకే సారీ చెప్పే రకం. క్లాసులో వాడి ముద్దుపేరు సాధువు. చూశాం, లోపం లేదు. టిక్కు. ‘మత్తు పదార్థాలు వాడతాడు.’ దగ్గుమందు తాగించాలంటేనే ఇద్దరు పట్టుకోవాలి. టిక్కు. ‘కోపంలో వస్తువులు పగలగొడతాడు.’ ‘ఇంట్లో దొంగతనం చేస్తాడు.’ ‘జంతువులను హింసిస్తాడు.’ ఒక్కోదాని దగ్గరా ఆగి, మనస్సాక్షిని అడిగి, గంటన్నర చెమటోడ్చి నలభై టిక్కులూ పెట్టాడు. ఇన్నేళ్లలో ఏ లిఫ్టుకూ ఆయన చేతిలో నలభైకి నలభై రాలేదు. గర్వంగా సంతకం చేశాడు.

పదిరోజులకు బావమరిది ఫోను చేశాడు. అతను ఆ కాలేజీలోనే గుమాస్తా.

“బావా, మనవాడి సంగతి నీకు ముందే తెలుసా?”

“ఏ సంగతి?”

“ఆ ఫారాల లెక్కన ప్రమాదకరమైనవాళ్లకి ఎర్ర జాబితా వేశారు, అందులో మొదటి పేరు మనవాడిదే. రెండోవాడు పోయినేడు ప్రిన్సిపాలు కారు అద్దం పగలగొట్టినవాడు. వాడికి పదకొండే వచ్చాయి.”

లిఫ్టాయనకు బుర్రకెక్కలేదు. “అయితే ఫస్టొచ్చాడా?” అన్నాడు.

“వచ్చాడు. తాగుడులోనూ, తన్నులాటలోనూ.”

ఆ తర్వాత బావమరిది చెప్పింది గోరుచుట్టు మీద రోకటిపోటు. రైలింజన్ల వర్క్‌షాపులో అప్రెంటిసు సీట్లకు రెండు నెలల్లో పిలుస్తారు. సాధువు ఎనిమిదో తరగతి నుంచి ఆ సీటు మీదే ప్రాణం పెట్టుకుని ఉన్నాడు. నడవడి పత్రం లేనిదే దరఖాస్తు ముట్టుకోరు. ఎర్ర జాబితాలో ఉన్నవాడికి నడవడి పత్రం ఇవ్వాలంటే మైండు డాక్టరు సంతకం కావాలి. మైండు డాక్టరంటే ఆ పరిశోధన నడిపిస్తున్న మనస్తత్వ శాస్త్రవేత్త. కాలేజీలో అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు.

బడిపిల్లల యూనిఫారాలు కుడుతున్న భార్య సంగతంతా విని మిషను ఆపింది.

“ఏమయ్యా, నా కొడుకు తాగుతాడని రాసిచ్చావా?”

“బాగున్నాడనే పెట్టానే, టిక్కు.”

“ఊళ్లోవాళ్లందర్నీ పైకి చేరుస్తావు. కన్నకొడుకుని మాత్రం ఒక్క సంతకంతో పాతాళంలో దింపావు.”

ఆ రోజు ఇక మిషను తిరగలేదు.

మర్నాడు లిఫ్టాయన మైండు డాక్టరు గదికి వెళ్లాడు. గోడ మీద మెదడు బొమ్మ, బల్ల మీద ముక్కలుగా ఊడి వచ్చే ప్లాస్టిక్ మెదడు, ఏడ్చేవాళ్ల కోసం కాగితపు రుమాళ్ల పెట్టె. డాక్టరు లేచి ఎదురొచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు.

“పదిహేనేళ్లు. మూడువేల మంది తండ్రులు. అందరూ మావాడు బంగారమనే రాశారు. నిజం రాసిన మగాడివి నువ్వొక్కడివే.”

“అయ్యా, మావాడూ బంగారమేనండీ. అది చెబుదామనే వచ్చాను.”

టిక్కు కథంతా చెప్పాడు. తాడు గురించి, బ్రేకు గురించి, ఖాళీ గడి గురించి చెప్పాడు. డాక్టరు తల ఒక పక్కకు వాల్చి ఓపిగ్గా విన్నాడు. విని పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. లిఫ్టాయన తలకిందులుగా కూడబలుక్కుని చదివాడు. ‘తండ్రి – నిరాకరణ దశ.’

“రాసినప్పుడు ధైర్యమొచ్చింది, ఇప్పుడు జారిపోయింది. సహజం,” అన్నాడు డాక్టరు.

“ధైర్యం కాదండీ, టిక్కు. మా పనిలో టిక్కంటే లోపం లేదని.”

“అంటే కొడుకుని యంత్రంలా చూస్తావన్నమాట.” అదీ రాసుకున్నాడు.

తర్వాత డాక్టరు కంప్యూటరు తిప్పి చూపించాడు. నిన్న సాధువుకు ఒక పరీక్ష పెట్టారట. అదొక ఆట. గెలిచినప్పుడల్లా అవతలివాడి చెవిలో మోత మోగించవచ్చు, ఒకటి నుంచి పది దాకా ఎంత గట్టిగా కావాలంటే అంత గట్టిగా. సాధువు ముప్పైసార్లు గెలిచి ఒక్కసారీ మీట నొక్కలేదు. ఎందుకు నొక్కలేదంటే, “పాపం, అవతలివాళ్లకి చెవులు నొప్పెడతాయి కదా సార్” అన్నాడట.

“అవతల ఎవరూ లేరు, కంప్యూటరే,” అన్నాడు డాక్టరు.

“చూశారా. కంప్యూటరు మీద కూడా జాలిపడ్డాడు.”

“నువ్వు చూడాల్సింది అది కాదు. ఇంత అణచుకున్నాడంటే లోపల ఎంత ఉండాలి? మొదటి మోతకే పది నొక్కినవాడిలో ఏమీ మిగల్లేదు, బయటికి పోయింది. మీవాడిలో మొత్తం అలాగే ఉంది.”

కొడితే కొట్టాడంటారు, కొట్టకపోతే దాచుకున్నాడంటారు. లిఫ్టాయనకు ఒళ్లు మండింది. “మీకు బుద్ధుందా?” అంటూ బల్ల గుద్దాడు. ప్లాస్టిక్ మెదడు కిందపడి నాలుగు ముక్కలైంది. డాక్టరుకు కోపం రాలేదు సరిగదా, మొహం వెలిగిపోయింది.

“ఆవు చేను మేస్తే దూడ గట్టున మేస్తుందా,” అనుకుంటూ ‘వంశపారంపర్యం’ అని ఒక కొత్త పేజీయే తెరిచాడు.

లిఫ్టాయన వంగి మెదడు ముక్కలు ఏరి బల్ల మీద పెట్టాడు. గొంతు తగ్గించాడు. “ఇంకో ఫారం ఇప్పించండి. ఈసారి చదివి నింపుతాను.”

“మొదటి ఫారం మార్చడమా? పరిశోధన అబద్ధమైపోదూ?”

దారి మాత్రం ఒకటుందన్నాడు. ఆరు వారాల దిద్దుబాటు తరగతి, తాగుడుకు టిక్కున్నవాళ్లకు వారం వారం రక్తపరీక్ష. చివర్లో తండ్రి మళ్లీ ఫారం నింపాలి. టిక్కులు తగ్గితే డాక్టరు సంతకం పెడతాడు. కాకపోతే తరగతిలో చేరే ముందు, మొదటి ఫారంలో రాసింది అక్షరాలా నిజమని తండ్రి ఒప్పుకోలు కాగితం ఇవ్వాలి. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే వాళ్లను లిఫ్టాయన చాలామందిని చూశాడు. నాలుగో కాలు ఆరు వారాల్లో మొలిపిస్తాననేవాణ్ని చూడటం ఇదే మొదలు.

ఒప్పుకోలు కాగితం రెండు రోజులు ఇంట్లో అలాగే పడుంది. మూడో రోజు సాధువే పెన్ను తెచ్చి తండ్రి ముందు పెట్టాడు.

“పెట్టెయ్ నాన్నా.”

“తాగుబోతువని నా చేత్తో పెట్టమంటావురా?”

“ఈసారి తప్పితే మళ్లీ రెండేళ్లకి గానీ పిలవరు. అప్పటికి నా వయసు దాటిపోతుంది.” పెన్ను మూత తీసిస్తూ ఇబ్బందిగా అడిగాడు. “కానీ అక్కడ నా అనుభవాలు చెప్పమంటారంట నాన్నా. ఏం చెప్పాలి? నాకేమీ తెలీదే.”

లిఫ్టాయన సంతకం పెట్టాడు. ఈసారి గర్వంగా పెట్టలేదు. భార్య అటు తిరిగి నిలబడింది.

అనుభవాల భారం బావమరిది తన మీద వేసుకున్నాడు. “నాకు వదిలెయ్ బావా, నా జీవితంలో పనికొచ్చిన ముక్క ఇదొక్కటే,” అన్నాడు. అయినా మొదటి రోజే సాధువు దొరికిపోయాడు. బ్రాందీలో పాలు కలుపుకున్నానని చెప్పాడట. తరగతిలో ఉన్న మిగతా ఏడుగురూ అసలైనవాళ్లు. నవ్వి నవ్వి, చివరికి వాళ్లకే జాలేసింది. బయట మెట్ల మీద కూర్చోబెట్టి తలా ఒక కథ అప్పిచ్చారు. కారు అద్దం పగలగొట్టినవాడు ఆ అద్దాన్ని కూడా ఇచ్చేశాడు. నాలుగో వారానికి సాధువు తడుముకోకుండా చెప్పడం నేర్చుకున్నాడు. ‘మనసు విప్పుతున్నాడు,’ అని రాసుకున్నాడు డాక్టరు. పుట్టి బుద్ధెరిగాక వాడు ఆడిన మొదటి అబద్ధాలు అవే.

ఈలోగా అపార్టుమెంటులో వార్త పాకింది. పదేళ్లుగా వాడి చేత సామాను సంచులు మోయించుకున్న పక్కింటావిడ, వాడు మెట్లెక్కే చప్పుడు వినపడితే గొళ్లెం పెట్టుకోవడం మొదలుపెట్టింది. వాడు మాత్రం ఆ మూసిన తలుపుకు కూడా నమస్కారం పెట్టి పోయేవాడు.

ఆరు వారాలకు రెండో ఫారం వచ్చింది. లిఫ్టాయన చిన్నక్షరాలు మూడుసార్లు చదివాడు. ‘వర్తించే వాటికి మాత్రమే టిక్కు పెట్టండి.’ నలభై గళ్లూ ఖాళీగా వదిలేశాడు. మైండు డాక్టరు కళ్లు చెమర్చాయి. నలభై నుంచి సున్నా. ప్రపంచంలో ఏ చికిత్సకూ ఇలాంటి ఫలితం లేదన్నాడు. తన గది గోడ మీద గ్రాఫు పెద్దదిగా వేయించి తగిలించాడు. గీత పైనుంచి కిందికి, తాడు తెగిన లిఫ్టులా దిగింది. ఏదో మహాసభలో శాలువా కూడా కప్పించుకుని వచ్చాడు. వచ్చాక సంతకం పెట్టాడు.

వర్క్‌షాపు గేటు దగ్గర ఎండలో తొమ్మిదివందల మంది కుర్రాళ్లు, వాళ్ల వెనక తండ్రులు, పన్నెండు సీట్లు. మూడు గంటలు నిలబడ్డాక సాధువు వంతు వచ్చింది. నడవడి పత్రం చూస్తున్న ఉద్యోగి చదువుతూ చదువుతూ ఆగాడు. ‘తీవ్రమైన వ్యసనాల నుంచి, దౌర్జన్య ప్రవృత్తి నుంచి ఆరు వారాల్లో పూర్తిగా బయటపడిన యువకుడు.’ లిఫ్టాయన ఒక అడుగు ముందుకేశాడు.

“ఈ లైను కాదు బాబూ, అటు వెళ్లు,” అన్నాడు ఉద్యోగి.

అటు నీడలో ఒక బల్ల ఉంది. ‘దారి తప్పి తిరిగొచ్చిన యువత – రెండు సీట్లు’ అని అట్టముక్క మీద రాసి ఉంది. లైనులో నరమానవుడు లేడు. బల్ల దగ్గరున్నావిడ సాధువు భుజం తట్టి, కాగితాలు చూసి, అక్కడికక్కడే ముద్ర వేసింది. వాడు ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని, తండ్రి వైపు ఒకసారి చూసి, గేటు లోపలికి నడిచాడు. లోపల ఇంజను కూత పెట్టింది.

గేటు మూశాక ఒక పెద్దమనిషి లిఫ్టాయన పక్కకు చేరాడు. ఎండకు మొహం వాడిపోయి ఉంది. ఆయన వెనకాల, నూనె రాసి తల దువ్వుకున్న కొడుకు.

“అన్నా, రెండో సీటు ఇంకా ఖాళీగా ఉందంట. రెండు నెలల గడువిచ్చారు. మావాడికేమో ఒక్క చెడ్డ అలవాటూ లేదు. ఆ డాక్టరు గారి ఫారం రేపే సంపాదిస్తాను. దేనికి టిక్కు పెడితే మంచిదంటావు, తాగుడుకా, కొట్లాటకా?”

లిఫ్టాయన ఆ కుర్రాణ్ని పైనుంచి కిందిదాకా చూశాడు. కుర్రాడు సిగ్గుపడి నమస్కారం పెట్టాడు.

“కొట్లాటకి పెట్టు తమ్ముడూ,” అన్నాడు లిఫ్టాయన. “తాగుడంటే వారం వారం రక్తం తీస్తారు. మావాడి చేతి మీద సూది మచ్చలు ఇంకా మానలేదు.”