ఎముక కూరే చప్పుడు

నడుముకు మత్తు సూది వేశాక, చెవులకు పాటలు పెడతానన్నాడు మత్తు డాక్టరు.

“వద్దు నాయనా, ఈ గదిలో చప్పుళ్లు విని చాలాకాలమైంది” అంది పెద్దక్క.

జుట్టు నెరిసేదాకా ఆ ఆపరేషన్ థియేటర్లోనే నర్సుగా పనిచేసిన మనిషి. రిటైరై ఇన్నేళ్లయినా అక్కడ అందరికీ పెద్దక్కే. ఎప్పుడో వేసిన కృత్రిమ తుంటి కీలు వదులై, కదిలి కదిలి చుట్టూ ఉన్న ఎముకను తినేసింది. ఇప్పుడు దాన్ని తీసేసి, దాతలిచ్చిన ఎముకను ముక్కలు చేసి ఆ గుంటలో కూరి, పైన కొత్త కీలు కూర్చోబెట్టాలి.

తెర అవతల సర్జన్, ఒకప్పుడు ఇదే గదిలో ఆమె చేత చీవాట్లు తిన్న కుర్ర డాక్టరు. ఇప్పుడతనికీ బట్టతల.

“మొదలుపెడుతున్నాం పెద్దక్కా. భయంగా ఉందా?”

“నా సంగతి సరే, నీకు సుత్తి అందించేదెవరో చూసుకో. నేను ఇటు పడుకున్నాను కదా.”

తెర అవతల నవ్వులు.

కాసేపటికి దాతల ఎముకను ముక్కలు చేసే మర తిరిగింది. అప్పట్లో దాన్ని చేత్తో తిప్పాల్సి వచ్చేది. ఆమె, ఆమె జతగత్తె అయిన ఇంకో నర్సు వంతులేసుకునేవారు. “అత్తగారింట్లో రుబ్బీ రుబ్బీ ఇక్కడికొస్తే, ఇక్కడా రుబ్బుడేనా” అని మాస్కు వెనక గొణిగేది జతగత్తె. నవ్వాపుకోలేక పెద్దక్క భుజాలు అదిరేవి. ఆవిడ పోయి చాలాకాలమైంది.

తర్వాత సుత్తి మోగింది. మొదట తడి ఇసుకను దిమ్మిసతో కొట్టినట్టు మెత్తగా, పోనుపోను గట్టిగా.

తుంటి మార్పిడికి వచ్చినవాళ్లను, తీసేసే ఎముక దానమిస్తారా అని అడగడం ఒకప్పుడు ఆమె పనే. “అరిగిపోయిందని తీసేస్తూ, మళ్లీ దాన్నే అడుగుతారేమిటమ్మా? ఎవరికి పనికొస్తుందది?” అంది ఒక ముసలామె. అంటూనే సరేనంది. ఫ్రీజర్లో భద్రం చేశాక అది ఎవరి ఒంట్లోకి వెళ్లేదో పెద్దక్క ఏనాడూ ఆలోచించలేదు. ఇప్పుడెవరో ముక్కూమొహం తెలియని మనిషి తన ఒంట్లోకి వస్తున్నాడు. ఆమె కళ్లు చెమర్చాయి.

“నొప్పిగా ఉందామ్మా?” అన్నాడు మత్తు డాక్టరు.

“లేదు నాయనా. పాతవాళ్లు గుర్తొచ్చారు.”

నెలల తరబడి వాకర్‌తో, కాలు మీద పూర్తి బరువు మోపకుండా నడిచింది. చివరికి సర్జన్ ఎక్స్‌రేని వెలుతురుకు పట్టి, “ఏ ఎముక నీదో, ఏది దాతలదో చెప్పు చూద్దాం” అన్నాడు.

ఆమె కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసింది.

“తెలియడం లేదయ్యా.”

బయట కోడలు కారు పిలుస్తానంటే వద్దంది.

“నెమ్మదిగా అత్తయ్యా.”

“నెమ్మదిగానే నడుస్తున్నానే. నువ్వే వెనకబడ్డావు.”