తలుపా, కిటికీనా

గ్రంథాలయం మేడమీది హాల్లో కుర్చీలన్నీ నిండాయంటే అదంతా సాహిత్యం మీద ప్రేమే అనుకోనక్కర్లేదు, బయట వాన దంచి కొడుతోంది. వదినగారు మాత్రం వాన రాకముందే వచ్చి ముందు వరుసలో కూర్చున్నారు. వేదిక మీద ఒక పాత కంప్యూటర్, దాని పక్కన ఆవిడ ఆడపడుచు. నలుగురూ రచయిత్రిగారూ అని గౌరవంగా పిలిచే ఆ మనిషిని వదినగారు ఇప్పటికీ చిట్టీ అనే పిలుస్తారు.

సీడీలు కొత్తగా వచ్చిన రోజుల్లో చిట్టి ఒక సీడీ కోసం రాసింది మామూలు కథ కాదు. తెర మీద పేజీ వస్తుంది, అందులో రెండు మాటలు మెరుస్తుంటాయి. చదివేవాళ్ళు ఏది నొక్కితే కథ అటు పోతుంది, రెండో దారి ఆ పూటకి మూసుకుపోతుంది. రాత చిట్టిది, ఆ రాతను కంప్యూటర్‌కి నచ్చజెప్పే పని వదినగారిది. కంప్యూటర్లు నేర్పే సంస్థలో ఉద్యోగం చేసి వచ్చి, సాయంత్రాలు ఈ పని నెత్తిన వేసుకునేవారు. పాత్రల గొంతులు కూడా వాళ్ళిద్దరివే. చిన్నగది కిటికీకి దుప్పట్లు కట్టి, మంచం మీద మైకు పెట్టుకుని, చప్పుడవుతుందని ఫ్యాను ఆపేసి, చెమటలు కక్కుతూ చదివేవారు. మధ్యలో చిట్టికి నవ్వొస్తే వదినగారికీ వచ్చేది, పని మళ్ళీ మొదటికి. ఎంత మంచి రోజులవి! అప్పుడా సంగతి తెలియలేదు, ఫ్యాను లేదన్న బాధే తెలిసింది.

అలా చదువుతుండగా ఓసారి వదినగారి భర్త, అంటే చిట్టి అన్నయ్య, వంటింట్లోంచి కేకేశారు. లోపల రికార్డింగ్ జరుగుతోందని పాపం ఆయనకు తెలియదు. ఆ కేక కాస్తా, ‘తలుపు’ అన్న మాట నొక్కితే వచ్చే పేజీలో పడిపోయింది. అద్దె మైకు వెనక్కి ఇచ్చేయాలి, మళ్ళీ చదివే వ్యవధి లేదు. బంగారంలాంటి పేజీ పాడుచేశారని వదినగారు ఆయనతో మాట్లాడటం మానేశారు. ఇల్లన్నాక కేకలుంటాయి, ఉండనిమ్మని చిట్టే ఆవిడకు సర్దిచెప్పింది.

సీడీ బయటికొచ్చిన కొన్నాళ్ళకే ఆయన పోయారు. ఫొటో తీస్తామంటేనే పక్కకు తప్పుకునే మనిషి. ఆయన గొంతు ఈ లోకంలో మిగిలింది ఆ ఒక్క పేజీలోనే. ఇంట్లో ఉన్న సీడీ ఎప్పుడో చెడిపోయింది. గ్రంథాలయం వాళ్ళు కథను కొత్త కంప్యూటర్లోకి మార్చారుగానీ, అక్షరాలు వచ్చాయి, గొంతులు రాలేదు. అవి ఈ ముసలి కంప్యూటర్లోనే ఉన్నాయి. అదేమో కాస్త వేడెక్కితే చాలు, మొరాయిస్తోంది. ఈ సభ కోసం ఆఖరిసారి తెరుస్తున్నామని లైబ్రేరియన్ ముందే చెప్పేశారు.

సభకు ముందు చిట్టి వదినగారిని మెట్ల దగ్గరికి పిలిచింది. ఆ పేజీకి దారి చీలే చోట సభలోవాళ్ళను ఎటని అడక్కుండా తానే తలుపు నొక్కేస్తానంది. అందులో కొంపలేం మునిగిపోవంది.

"వద్దు," అన్నారు వదినగారు. "చదివేవాళ్ళ ఇష్టం, చదివేవాళ్ళ ఇష్టం అని ఇన్నేళ్ళూ చెప్పుకొచ్చాం. ఇవాళ నా కోసం మార్చకు."

"నాకూ వినాలనుంది వదినా. నాకూ అన్నయ్యే కదా."

వదినగారు కళ్ళజోడు తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నారు.

అధ్యక్షులవారు ఎలక్ట్రానిక్ సాహిత్యం భవిష్యత్తు గురించి ఎత్తుకుని, ఆ భవిష్యత్తు వచ్చేదాకా ఆపరేమోనని అందర్నీ భయపెట్టారు. ఎట్టకేలకు చిట్టి ఒక్కో పేజీ తెరుస్తూ చదవడం మొదలుపెట్టింది, పాత్రల మాటలు కంప్యూటరే పలికింది. దారి మారే ప్రతిచోటా సభికులు చేతులెత్తి చెప్పాలి, ఎక్కువమంది ఎటంటే కథ అటు. కాసేపటికి కథలో అమ్మాయి చీకటి గదిలో చిక్కుకుంది. తెర మీద రెండు మాటలు మెరిశాయి. తలుపు, కిటికీ.

తలుపు అనేవాళ్ళు చేతులెత్తమని చిట్టి అడిగింది. వదినగారు బళ్ళో పిల్లలా నిటారుగా చెయ్యెత్తి, వెనక్కి తిరిగి చూశారు. అక్కడొకటీ ఇక్కడొకటీ లేచాయి, అంతే. కిటికీ అనగానే హాలంతా చేతులే. ఎప్పుడు వాన తగ్గుతుందా అని బయటికి చూస్తూ కూర్చున్నవాళ్ళు కిటికీ కాక ఇంకేం అడుగుతారు? చిట్టి మౌస్ మీద చెయ్యి వేసి వదినగారి వైపు చూసింది. వదినగారు తల అడ్డంగా ఊపారు. చిట్టి కిటికీ నొక్కింది.

ఆ తర్వాత కథ బాగానే నడిచింది, వదినగారికే ఒక్క ముక్కా బుర్రకెక్కలేదు. గుండె రాయి చేసుకుని అందరితోపాటు చప్పట్లు కొట్టారు. కథ అలా ముగిసిందో లేదో కంప్యూటర్ తెర నల్లబడింది. లైబ్రేరియన్ వచ్చి ఏవేవో నొక్కి చూశారు, ప్లగ్గు పీకి మళ్ళీ పెట్టారు, చివరికి పెదవి విరిచి వెళ్ళిపోయారు.

చర్చ మొదలైంది. ఇది కథా, ఆటా అని ఒకాయన అడిగారు. ఆ ప్రశ్న సీడీ వచ్చిన నాటినుంచీ ఉంది, జవాబే ఇంకా రాలేదు. తర్వాత వెనక వరుసలోంచి నడివయసు మనిషి ఒకాయన లేచి, తాను పళ్ళ డాక్టర్నని చెప్పుకున్నారు.

"నేను తలుపుకే చెయ్యెత్తానండీ. చదువుకునే రోజుల్లో మీ సీడీ కొనుక్కున్నాను, తర్వాత ఇళ్ళు మారడంలో ఎక్కడో పోయింది. అప్పట్లో గది తీసుకుని ఒక్కణ్ణే ఉండేవాణ్ణి. తలుపు పేజీలో వెనకాల ఎవరో కేకేస్తారు. 'ఏమోయ్, వడ్డించేశాను, చల్లారిపోతోంది, రా' అని."

ఆయన ఆ మాట ఊరికే అప్పజెప్పలేదు. చివరి అక్షరం కాస్త సాగదీసి, విసుగూ ముద్దూ కలిపి, అచ్చం అలాగే అన్నారు. వదినగారు కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"సాయంత్రం గదికి రాగానే ఆ పేజీ తెరిచేవాణ్ణి. నన్నే పిలిచినట్టుండేది. అది వినే భోజనానికి లేచేవాణ్ణి. మిగతా దారులన్నీ వెతికాను, ఆయన ఇంకెక్కడా లేరు. ఇంతకీ ఆయన ఏ పాత్రండీ?"

చిట్టి మైకు నోటిదాకా తెచ్చుకుని దించేసింది. వేదిక దిగొచ్చి దాన్ని వదినగారి చేతిలో పెట్టింది. వదినగారు లేచి వెనక్కి తిరిగారు. కన్నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు.

"ఆయన కథలో లేరు నాయనా," అన్నారు. "మా ఇంట్లో ఉండేవారు. ఆ మాట ఇంకొక్కసారి అంటావా?"