తొంభై రోజుల కండిషన్

మట్టెవాడలో మా గల్లీ మొత్తానికి నేను గయ్యాళిని. పెళ్లికి ముందు నా గొంతు పక్క గదిలోకి కూడా వినిపించేది కాదంటే ఇప్పుడు ఎవరూ నమ్మరు. మా ఆయన ఓంప్రకాశ్‌కు ఆరేళ్ల కిందట చెవులు మందగించాయి. అప్పటినుంచి నేను ఆయనతో ఏం మాట్లాడినా ఊరందరికీ చాటింపు వేసినట్టే. "మీకు మోషన్లు తగ్గినయా?" అని ఒక పొద్దున అడిగితే, గంట తిరక్కముందే ఎదురింటి మొగిలమ్మ దానిమ్మ తొక్కల కషాయం పట్టుకొచ్చింది. పాపం, ఆమె మంచిదే. నేనే సిగ్గుతో చచ్చిపోయాను.

అసలు బాధ అది కూడా కాదు. కొన్ని మాటలు అరిచి చెప్పలేం. ఒంట్లో బాగాలేదని, ఎందుకో భయంగా ఉందని, ఈ చొక్కాలో మీరు బాగున్నారని గొంతు చించుకుని ఎవరు చెబుతారు? అలాంటి మాటలన్నీ ఒక్కొక్కటిగా మానేశాను. చివరికి మా మధ్య మిగిలినవి కూర, కరెంటు బిల్లు, షాపు తాళంచెవులు.

చౌరస్తా దగ్గర మాకు మ్యాచింగ్ సెంటర్ ఉంది. జాకెట్టు బట్టలు, లైనింగులు, చీరల ఫాల్స్ అమ్ముతాం. గిరాకీ అడిగింది సరిగ్గా వినపడక ఆయన ఒకసారి ఎక్కువ కోసేవాడు, ఒకసారి తక్కువ కోసేవాడు. అలా పాడైన ముక్కలతో మా ఇంట్లో దిండ్లన్నిటికీ గలీబులు కుట్టాను. దవాఖానకు తీసుకెళ్తే డాక్టరు పరీక్ష చేసి, చెవులకు మిషన్ పెట్టుకుంటే సరిపోతుందన్నాడు. ఈయన చెప్పులేసుకుని బయటికి నడిచాడు.

"సేటు చెవుల మిషన్ జూస్తే గిరాకీ నవ్వుతది," అన్నాడు ఆటోలో. "నాకేం చెవుడు లేదు. మనుషులే ఈ మధ్య మెల్లగ మాట్లాడుతాండ్రు."

ఆ మొండితనం చూసి నాకు ఒళ్లు మండిపోయింది. ఏడుపు కూడా వచ్చింది.

సుబేదారిలో ఉండే మా అక్క కూతురు హారిక నాకు క్యాష్‌బ్యాక్ సైటు నేర్పింది. "ముందుగాల ఈ సైటు తెరువాలె చిన్నమ్మా. దీన్ల నుంచే మనకు కావల్సిన ఆన్‌లైన్ షాపుకు పోవాలె. సీదా పోతే ఏం రాదు. ఇట్ల పోతే ఆ షాపోళ్లు వీళ్లకు కమిషన్ ఇస్తరు, అండ్లకెళ్లి మనకింత వాపస్ ఇస్తరు," అని చెప్పింది. దుప్పట్లు, మిక్సీ జారు అలాగే కొన్నాను. పార్సిళ్లు మాత్రం హారిక ఇంటికే తెప్పించుకునేదాన్ని. ఎందుకంటే మా ఆయనకు ఆన్‌లైన్ అన్న మాటే పడదు. మా గిరాకీలో సగం దానికే పోయిందని ఆయన మంట. అది అబద్ధమూ కాదు.

చీరలకు ఫాల్స్, పీకో కుట్టి దాచుకున్న డబ్బు నా దగ్గర ఉంది. దవాఖానలో ఇచ్చిన పరీక్ష కాగితాన్ని ఫోటో తీసి పంపితే, దానికి తగ్గట్టు చెవి మిషన్లు పంపుతారని అదే సైటులో చూశాను. జత పదిహేను వేలు. క్యాష్‌బ్యాక్ పదిహేను వందలు. రెండు రోజులు ఆలోచించి, మూడో రోజు ధైర్యం చేసి నొక్కేశాను.

డబ్బా తెచ్చి ముందు పెడితే ఆయన దాన్ని ముట్టుకోనైనా లేదు.

"ఆన్‌లైన్ల కొన్నవా? మనింటికే తెచ్చినవా? వాపస్ పంపు."

"పంపుత గని, పంపితే క్యాష్‌బ్యాక్ క్యాన్సిల్ అయితది," అని అరిచాను.

ఆయన తల తిప్పాడు. డిస్కౌంటు మాటైతే మా ఆయనకు అరిచి చెప్పాల్సిన పని కూడా లేదు. "సరుకు అమ్మినంక పైసలు వాపస్ ఇచ్చుడేంది? ఏ యాపారి ఇస్తడే?"

ఫోను చూపించాను. కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. పదిహేను వందలు పెండింగ్, తొంభై రోజులకు కన్ఫర్మ్ అని ఉంది. ఆయన గడ్డం గోక్కున్నాడు. ముప్పై ఏళ్లుగా బట్టల కంపెనీల స్కీములు చూసిన మనిషి. ఫలానా లైనింగు ఇన్ని తానులు అమ్మితే గోడ గడియారం ఇస్తామని చెప్పి, నిజంగా అమ్మామా లేదా అని షాపుకొచ్చి గోదాము చూసిపోయే కంపెనీలవి.

"స్కీం అంటే ఊకనే ఇయ్యరు," అన్నాడు. "ఈ మిషన్‌ను ఫోనుకు కలుపుతరు గద. దినాం ఎన్ని గంటలు పెట్టుకున్నమో వాళ్లకు తెలుస్తది. వాడకపోతే క్యాన్సిల్ జేస్తరు. అందుకే పెట్టిండ్రు తొంభై రోజులు."

అలాంటి కండిషన్ ఎక్కడా లేదు. మిషన్ తిప్పి పంపకుండా ఉంటే చాలు, డ్రాయరులో పడేసినా ఆ పదిహేను వందలు వస్తాయి. నేను అవుననలేదు, కాదనీ అనలేదు. పొయ్యి మీద పాలున్నాయని లేచి వెళ్లిపోయాను.

మర్నాటి నుంచి పెట్టుకున్నాడు. చెవుల మీదికి జుట్టు పెంచాడు, ఆ వయసులో. మొదటి రెండు రోజులూ ఒకటే గోల. ఫ్యాను చప్పుడట, పెనం మీద దోసె చప్పుడట, తన చెప్పుల చప్పుడు తనకే పడదట. "లతా, మనింట్ల ఇంత సప్పుడుందా?" అని అడిగాడు. ఉంది స్వామీ, ఆరేళ్లుగా ఉంది, నేనొక్కదాన్నే వింటున్నాను.

నాలుగో రోజు వంటింట్లో పప్పు రుచి చూసి, "ఉప్పెక్కువైనట్టుంది," అని నాలో నేను అనుకున్నాను.

"ఏం గాదు, అన్నంల కలుపుకుంటే తెల్వది," అని ముందు గదిలోంచి జవాబు వచ్చింది.

గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. కళ్లు తుడుచుకుని, పప్పులో నిమ్మకాయ పిండాను.

ఇక ఆ మూడు నెలలు మాట్లాడాను. ఎంత మాట్లాడానో చెప్పలేను. షాపులో బట్ట తప్పుగా కోయడం ఆగిపోయింది, అదొక సంతోషం. కానీ నాకు కావలసిన సంతోషం అది కాదు. మా అమ్మ పోయి నాలుగేళ్లు. చివరి రోజు ఆమె నా చెయ్యి పట్టుకుని ఏమన్నదో నేను మా ఆయనకు చెప్పనేలేదు. అరిచి చెప్పే మాటలు కావవి. ఒక పొద్దున, చాయ్ తాగుతూ, మెల్లగా చెప్పాను. ఆయన గ్లాసు కింద పెట్టి విన్నాడు. ఆ రోజు షాపు పదకొండింటికి తెరిచాడు.

రోజులు దగ్గర పడేకొద్దీ నాకు దిగులు మొదలైంది. అందరూ క్యాష్‌బ్యాక్ ఎప్పుడొస్తుందా అని చూస్తారు, నేను రాకపోతే బాగుండునని చూశాను. హారిక ఫోను చేసి, "ఇంక రాలేదా చిన్నమ్మా, కంప్లైంట్ పెడుదామా?" అంటే, "నీకు పుణ్యముంటది, ఊకో," అన్నాను.

తొంభై ఒకటో రోజు పొద్దున, నేను చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చున్నప్పుడు మెసేజ్ వచ్చింది. ఆయనే చదివాడు. మొహం వెలిగిపోయింది. రెండు మిషన్లూ తీశాడు, మెత్తని బట్టతో తుడిచాడు, డబ్బాలో పెట్టి మూత వేశాడు.

"నా డ్యూటీ అయిపోయింది. ఇగ ఈ తంటా వద్దు," అన్నాడు.

కోపం గొంతు దాకా వచ్చింది. అరవడానికి నోరు తెరిచాను కూడా. ఆరేళ్ల అలవాటు మరి. ఎందుకో ఆ క్షణంలో నాకు అరవాలనిపించలేదు. ఎంత అరిచినా ఆయన చెవికి చేరేది కోపమే, నా మనసులో ఉన్నది కోపం కాదు. మామూలు గొంతుతో, ఎదురుగా కూర్చున్న మనిషితో మాట్లాడినట్టే మాట్లాడాను.

"ఏందీ? జర గట్టిగ చెప్పు," అన్నాడు.

గొంతు పెంచలేదు. చెబుతూనే ఉన్నాను. ఆయన నా పెదాల వంక చూశాడు, తర్వాత నా కళ్ల వంక చూశాడు. నీళ్లు ఆపుకోవాలని నేనూ చూశాను, ఆగలేదు.

"ఏమైందే? ఎవలన్న ఏమన్న అన్నరా? పాణం బాగలేదా?" ఆయన గొంతులో భయం వినిపించింది. నేను తల అడ్డంగా ఊపి, అదే గొంతుతో చెప్పుకుంటూ పోయాను. నా పెదాలు కదులుతున్నాయి, ఆయనకు ఒక్క ముక్క అందడం లేదు. ఆయన అంత నిస్సహాయంగా చూడటం నేనెప్పుడూ ఎరగను. జాలేసింది. అయినా గొంతు పెంచలేదు.

లేచి వెళ్లి డబ్బా తెరిచాడు. ఎడమ చెవిది కుడి చెవిలో పెట్టుకోబోయి, తీసి, సరిగా పెట్టుకున్నాడు. వచ్చి నా ముందు నేల మీదే కూర్చున్నాడు.

"ఇగ చెప్పు. మొదటికెళ్లి చెప్పు."

చెప్పాను. "మూడు నెలలు మీతోని మాట్లాడిన. రేపటి సంది మల్ల ఎవలతోని మాట్లాడాలె?"

ఆయన చిక్కుడుకాయల గిన్నె తన వైపు లాక్కుని, ఒక్కొక్క కాయకూ ఈనె తీయడం మొదలుపెట్టాడు. షాపు తెరిచే వేళ దాటిపోతోంది.

"మెల్లగనే చెప్పు లతా," అన్నాడు తల ఎత్తకుండా. "ఇనవడ్తాంది."